తాళంచెవి ఇచ్చే ముందు

శుక్రవారం సాయంత్రమైతే చాలు, హైదరాబాద్ నుంచి బయటికి పోయే రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి. సాగర్ రోడ్డు మీద మాల్ వైపు, శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్, ఆమనగల్లు వైపు, బెంగళూరు రోడ్డు మీద కొత్తూరు, షాద్‌నగర్ వైపు, వరంగల్ రోడ్డు మీద బీబీనగర్, భువనగిరి మీదుగా యాదగిరిగుట్ట వైపు. 2016లో జిల్లాలు విడిపోక ముందు ఈ ఊళ్లలో చాలావరకు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే ఉండేవి. ఆముదం, కంది, జొన్న పండిన చెలకల్లో ఇప్పుడు ప్రహరీలు లేచాయి. లోపల నాలుగు మామిడి చెట్లు, రెండు గదుల ఇల్లు, డబ్బున్న చోట చిన్న ఈతకొలను.

యజమానులు వీటిని వాడుకునేది నెలకు రెండు మూడు రోజులే. కావలి జీతం, కరెంటు బిల్లు, మోటారు రిపేరు మాత్రం నెల నెలా వస్తూనే ఉంటాయి. అందుకే చాలామంది ఖాళీ రోజుల్లో అద్దెకిస్తున్నారు. ఫోన్లో బేరం, యూపీఐలో అడ్వాన్సు, గేటు దగ్గర తాళంచెవి. వచ్చేది ఎవరు, ఎంతమంది, ఎందుకు వస్తున్నారన్న మాట ఈ మూడింటి మధ్యా ఎక్కడా రావడం లేదు.

అసలు చిక్కు సొంత ఇంటి కంటే వంతుల ఇంట్లో ఎక్కువ. ఏడాదిలో కొన్ని రోజులు మీవి అని ముందే డబ్బు కట్టించుకుని, పాతికేళ్ల దాకా విడిది ఇచ్చే టైమ్‌షేర్ పద్ధతి మన దేశంలో పెద్ద ఎత్తున సాగింది స్టెర్లింగ్ (1986), మహీంద్రా హాలిడేస్ (1996) లాంటి సంస్థలతోనే. మన చుట్టుపక్కల దానికి నాటు రూపాలు చాలా ఉన్నాయి. నలుగురు స్నేహితులు కలిసి ఎకరం కొని ఇల్లు కట్టుకుని శని, ఆదివారాలు వంతులేసుకోవడం ఒకటి. ఫామ్ ప్లాటు కొన్నవారికి క్లబ్‌హౌస్‌లో ఏడాదికి ఇన్ని రోజులు బస అనడం ఇంకొకటి. పుణ్యక్షేత్రాల్లో గది కట్టించిన దాతకు ఏటా కొన్ని రోజులు ఉండే హక్కు ఇవ్వడం మరొకటి. తన వంతు తను వాడుకోలేనివాడు దాన్ని ఎవరికో ఇస్తాడు. ఆ ఎవరో గోల చేస్తే మాత్రం పోలీసు స్టేషన్‌కు నలుగురూ పోవాలి. టైమ్‌షేర్ కంపెనీల దగ్గరా అంతే. గది ఎవరు వాడినా విరిగిన టీవీ ఖర్చు సాధారణంగా సభ్యుడి ఖాతాలోనే పడుతుంది. కొన్ని ఒప్పందాలు చుట్టాలకిస్తే సరేనంటాయి, అద్దెకిస్తే కాదంటాయి. కాబట్టి అతిథిని ప్రశ్నించే ముందు సభ్యుడు తన ఒప్పందం తీసి చదువుకోవాలి.

అడగనందుకు ఏం జరిగింది?

2019 అక్టోబర్ 31. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒరిండా అనే చిన్న పట్టణం. ఇళ్లు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ ద్వారా అక్కడ ఒక ఇంటిని ఒక మహిళ ఒక్క రాత్రికి అద్దెకు తీసుకుంది. ఇంట్లోవాళ్లకు ఆస్తమా ఉందని, కార్చిచ్చు పొగ పడక దూరంగా ఉండాలనుకుంటున్నామని చెప్పింది. ఆ రాత్రి హాలోవీన్ పండగ. పొద్దుపోయాక ఇరుగుపొరుగు ఫోన్ చేసి అక్కడేదో పెద్ద పార్టీ జరుగుతోందని యజమానులకు చెప్పారు. వాళ్లు అడిగితే, ఉన్నది పన్నెండు మందేనని అద్దెకు తీసుకున్న మహిళ జవాబిచ్చింది. గుమ్మం దగ్గరి కెమెరాలో చూస్తే అంతకంటే చాలామంది కనిపించారు. ఇంట్లో చేరింది వంద మందికి పైనే. కాల్పులు జరిగి ఐదుగురు చనిపోయారు. ఆ వారమే ఎయిర్‌బీఎన్‌బీ పార్టీ ఇళ్లను నిషేధిస్తున్నట్టు ప్రకటించింది. 2022లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది.

అంత దూరం పోనక్కర్లేదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్లు జరిపినవారు అంతకుముందు విజయవాడ రోడ్డు మీది అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నారని ఎన్ఐఏ దర్యాప్తులో తేలింది. 2016 ఆగస్టు 8న భువనగిరికి చెందిన గ్యాంగ్‌స్టర్ నయీం షాద్‌నగర్‌లోని మిలీనియం టౌన్‌షిప్‌లో ఒక ఇంట్లో ఉండగా పోలీసులు చుట్టుముట్టారు. ఎన్‌కౌంటర్‌లో అతను చనిపోయాడు. 2021 అక్టోబర్ చివర్లో నార్సింగి దగ్గరి మంచిరేవులలో ఒక ఫామ్‌హౌస్‌లో పేకాట ఆడుతున్న 30 మందిని పట్టుకున్నారు. ఆ కేసు ఇల్లు లీజుకు తీసుకున్న కుటుంబం దాకా వెళ్లింది.

వీటన్నిటికంటే గుండె తరుక్కుపోయేది గుట్ట కింద జరిగింది. 2018 జులై చివర్లో రాచకొండ పోలీసులు యాదగిరిగుట్టలో కొన్ని ఇళ్లలో సోదాలు చేసి 11 మంది బాలికలను విడిపించారు. వారిలో ఏడేళ్ల పిల్లలు కూడా ఉన్నారు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చి, పెరిగాక వ్యభిచారంలోకి దింపడానికి పెంచుతున్న పిల్లలని అప్పుడు బయటపడింది. ఏటా లక్షల మంది వచ్చిపోయే ఊరది. ఏ ఇంట్లో ఎవరి పిల్లలున్నారని అడిగేవారు లేక ఆ దందా సాగింది.

చట్టం యజమానిని ఎక్కడ నిలబెడుతుందో కూడా తెలిసుండాలి. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం, తెలిసి తెలిసి ఇంటిని వ్యభిచార గృహంగా వాడనిస్తే యజమాని కూడా నేరస్థుడే. సోదాలో ఫలానా ఇల్లు దొరికిందని యజమాని ఉండే ప్రాంతపు పత్రికలో వార్త వచ్చినా, సోదా జాబితా నకలు అతని చేతికి అందినా, ఆ తర్వాత అతనికి తెలియదంటే చట్టం ఊరికే నమ్మదు. తెలియదని అతనే నిరూపించుకోవాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 25వ సెక్షన్ కూడా తెలిసి చోటు ఇచ్చినవారిని శిక్షిస్తుంది. అద్దెదారుల వివరాలు స్టేషన్‌లో ఇవ్వాలని అధికారులు ఉత్తర్వు వేసిన చోట, దాన్ని పట్టించుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ వర్తిస్తుంది.

రెండో ప్రశ్నలోనే సంగతి

ఇలాంటి ఫోన్లు ఎలా నడుస్తాయో ఈ రోడ్ల మీద కావలి ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

"అన్నా, శనివారం ఇల్లు ఖాళీగున్నదా?"

"ఉన్నది. ఎంతమంది వస్తున్రు?"

"ఫ్యామిలీయే అన్నా. ఒక పది మందిమి."

"రాత్రి పండేటోళ్లు ఎంతమంది? పిల్లలెంతమంది?"

"పిల్లలంటే... ఇద్దరో ముగ్గురో. సాయంత్రం మా దోస్తులు కొందరు వచ్చి పోతరు."

మొదటి ప్రశ్నకు అందరూ ఒకే జవాబిస్తారు. రెండో ప్రశ్నకు లెక్క మారుతుంది. పది మంది అన్నవారు దోస్తులతో కలిపి నలభై మంది కావచ్చు. అలా చెప్పినంత మాత్రాన చెడ్డవాళ్లని కాదు, పుట్టినరోజు చేసుకుంటున్నారేమో. కానీ రెండు గదుల ఇంట్లో, ఒకే బోరున్న చోట నలభై మంది అంటే మాట వేరు, రేటు వేరు, జాగ్రత్త వేరు. అది అడ్వాన్సు తీసుకోక ముందే తేలాలి.

అనుభవమున్న యజమానులు అడిగేవి ఐదే. ఎందుకు వస్తున్నారు? పగలు ఎంతమంది, రాత్రి ఎంతమంది? ఎన్ని బండ్లు వస్తాయి? మందు, డీజే ఉంటాయా? ఎవరి పేరు మీద తీసుకుంటున్నారు, ఆయన స్వయంగా ఉంటారా? ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల కోసం అన్నయ్య పేరు మీద గది తీసుకుంటే, అన్నయ్య ఊళ్లో ఉంటాడు, గొడవ గేటు దగ్గర ఉంటుంది. పేరు ఇచ్చినవారు రాత్రంతా అక్కడే ఉండాలన్నది చెప్పకుండా ఒప్పుకోవద్దు.

మందు గురించి అడగడానికి మొహమాటపడేవారు చాలామంది. మొహమాటం అక్కర్లేదు. నలుగురిని పిలిచి మందు పోసే ఫంక్షన్‌కు ఎక్సైజ్ శాఖ నుంచి ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఈతకొలను ఉంటే, రాత్రిపూట గానీ తాగి గానీ దిగకూడదని, పిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండాలని ముందే మెసేజ్ పెట్టి, "సరే" అన్న జవాబు దాచుకోవాలి. ఈత రానివారు మునిగిపోయిన వార్త ఏ ఎండాకాలమూ రాకుండా పోదు.

డబ్బు వచ్చే దారి కూడా ఒక పరీక్షే. యూపీఐలో డబ్బు పడగానే పంపినవారి పేరు కనిపిస్తుంది. అది గుర్తింపు కార్డు మీది పేరుతో కలవకపోతే ఎందుకని అడగాలి. అడ్వాన్సు పంపిస్తానంటూ ఎవరైనా క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చెయ్యండి, డబ్బు పడుతుంది" అంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యాలి. సైనికాధికారినని, సీఐఎస్ఎఫ్‌లో పనిచేస్తానని చెప్పి అద్దె ఇళ్ల యజమానుల్ని ఇలా దోచుకున్న ముఠాలు దేశమంతా ఉన్నాయి. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పోవడమే కానీ రావడం ఉండదు. పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

కార్డు, క్యూఆర్, నోటుబుక్కు

ఆధార్ జిరాక్స్ తీసుకుని డ్రాయర్‌లో పడేయడం గుర్తింపు చూసినట్టు కాదు. ఆ కార్డు మీద ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఆధార్ సంస్థ యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, ఫొటో తెర మీద కనిపిస్తాయి. కార్డులో అక్షరాలు మార్చినవాడు కోడ్‌లో ఉన్నది మార్చలేడు. స్కాన్ చెయ్యడానికి అర నిమిషం చాలు. మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటే అతిథికీ నిశ్చింత. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు ఇచ్చినా సరిపోతుంది. ఆధారే కావాలని పట్టుపట్టే పని లేదు.

తీసుకున్న వివరాలు దాచడం కూడా యజమాని బాధ్యతే. అద్దెదారుల నమోదు సదుపాయం కూడా ఉన్న తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచే 2024లో సమాచారం చోరీ అయింది. అలాంటప్పుడు వాట్సాప్ గ్రూపులో అతిథుల ఆధార్ ఫొటోలు పడేసి వదిలెయ్యడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సారం కూడా ఇదే. అవసరమైనంతే తీసుకోవాలి, అవసరం తీరాక తీసేయాలి.

విదేశీ పాస్‌పోర్టుతో వచ్చినవారి విషయంలో ఇంకొక అడుగుంది. భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మగ్గాలు చూడటానికి బయటి దేశాలవారు వస్తుంటారు. అలాంటి అతిథికి చిన్న గది ఇచ్చినా, ఆ వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. ఫారం-సి అన్న పేరుతో దశాబ్దాలుగా ఉన్న ఈ బాధ్యతను 2025 నాటి వలస, విదేశీయుల చట్టం కూడా కొనసాగించింది. ఒక్క గదే కదా అంటే కుదరదు.

గది తీసుకున్నవాడు, గదిలో ఉన్నవాడు, డిపాజిట్ వెనక్కి తీసుకున్నవాడు ఒకరేనా అని చూడటం పెద్ద సంస్థలకు కూడా తలనొప్పే. తిరుమలలో దళారుల బెడద తగ్గించడానికి టీటీడీ 2023 మార్చి 1 నుంచి గదుల కేటాయింపులో, డిపాజిట్ తిరిగి చెల్లించే కౌంటర్లలో ముఖాన్ని గుర్తించే కెమెరాలు వాడటం మొదలుపెట్టింది. మాల్ దగ్గరి ఇంటికి అంత సరంజామా అక్కర్లేదు. ఒక పొడుగు నోటుబుక్కు చాలు. తేదీ, పేరు, ఊరు, ఫోన్ నంబరు, పెద్దలు ఎందరు, పిల్లలు ఎందరు, బండి నంబరు, వచ్చిన వేళ, పోయిన వేళ, సంతకం. సత్రాల్లో గుమాస్తాలు తరతరాలుగా రాసుకుంటున్నది ఇదే. అందులో పిల్లల గడి తప్పకుండా నింపాలి. వెంట ఉన్న పెద్దలకూ పిల్లకూ ఏమిటి చుట్టరికమో నెమ్మదిగా అడిగితే, నిజమైన తల్లిదండ్రులు ఇట్టే చెబుతారు. జవాబు పొసగకపోతే, పిల్ల భయపడుతూ ఉంటే, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, అత్యవసర నంబరు 112కో ఫోన్ చెయ్యాలి. గుట్ట ఉదంతం తర్వాత ఈ గడి ఖాళీగా వదలడానికి ఎవరికీ హక్కు లేదు.

అడగకూడనివి

ఇన్ని అడగమన్న చోటే కొన్ని అడగొద్దని కూడా గట్టిగా చెప్పాలి. "మీరు ఏమిటోళ్లు?" అన్నది మన దగ్గర ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న. దళితులని తెలియగానే "ఇల్లు ఇప్పుడే ఒకరికి ఇచ్చేశాం" అనడం, పేరు వినగానే ముస్లింలకు లేదనడం హైదరాబాద్ నుంచి పాలమూరు దాకా అందరికీ తెలిసిన సంగతే. హోటళ్లలోకి ప్రవేశానికి కులం, మతం అడ్డం పెట్టకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. అంటరానితనం పేరుతో హోటల్, ధర్మశాల, సత్రాల్లోకి రానివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం కింద నేరం. నలుగురికీ అద్దెకిస్తున్న ఇంటి గేటు దగ్గర కులం అడగడంలో భద్రతేమీ లేదు. ఒరిండాలో కాల్పులకు కారణం కులమా, మతమా? ఎంతమంది వస్తున్నారో నిజం చెప్పకపోవడం.

పేరు చూసి తీర్పు చెప్పడం ఎంత లోతుగా పాకుతుందో హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం చూపింది. నల్లజాతివారివిగా అనిపించే పేర్లతో ఎయిర్‌బీఎన్‌బీలో గది అడిగితే, మిగతా అన్నీ ఒకేలా ఉన్నా, ఒప్పుకునే అవకాశం దాదాపు 16 శాతం తగ్గింది. ఆ తర్వాతే ఆ సంస్థ బుకింగ్ ఖాయమయ్యే దాకా అతిథి ఫొటోను యజమానికి చూపించడం మానేసింది. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉండి అక్కడి ఇంటి తలుపు దగ్గర ఇలాంటి చూపును ఎదుర్కొన్న తెలుగువారు, ఇక్కడి తమ ఫామ్‌హౌస్ కావలికి అదే చూపు నేర్పకూడదు.

పెళ్లి సర్టిఫికెట్ అడగడం కూడా ఈ కోవలోదే. కోయంబత్తూరులోని ఒక విడిదిని అధికారులు మూసేసిన కేసులో, పెళ్లికాని ఇద్దరు పెద్దవాళ్లు ఒక గదిలో ఉండటాన్ని నిషేధించే చట్టమేదీ లేదని 2019 డిసెంబర్‌లో మద్రాసు హైకోర్టు స్పష్టం చేసింది. ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు నిండాయా, ఇద్దరి కార్డులూ చూశామా, ఇద్దరూ ఇష్టపడే వచ్చారా? యజమాని చూడాల్సింది అంతవరకే.

దీనికి ఒక సులువైన పద్ధతి ఉంది. ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి, వచ్చే ప్రతివారికీ అవే పంపాలి. ఎమ్మెల్యే బావమరిదికైనా, తెలియని విద్యార్థులకైనా అవే ఐదు ప్రశ్నలు. అందరినీ అడిగే ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. ఒకరినే అడిగితే అది అవమానం.

గేటు దగ్గర నిలబడేది ఎవరు?

ఈ వ్యవహారంలో అందరూ మరిచిపోయేది కావలి కుటుంబాన్ని. యజమాని ఎల్‌బీ నగర్‌లోనో, అమెరికాలోనో ఉంటాడు. రాత్రి పదకొండింటికి మూడు కార్లలో వచ్చినవారికి గేటు తీసేది కావలి మనిషే. తాగి గొడవపడే గుంపును ఆపాల్సిందీ అతనే. పక్క గదిలో అతని భార్య, చదువుకునే కూతురు ఉంటారు. పొద్దున్నే సీసాలు ఏరేదీ వాళ్లే. అతిథులను ముందే అడిగి చూసుకోవడం వల్ల మొదట క్షేమంగా ఉండేది ఈ కుటుంబమే.

కాబట్టి "వద్దు" అనే అధికారం కావలికి ఉండాలి. చెప్పినదానికంటే ఎక్కువమంది వస్తే గేటు తీయనవసరం లేదని, అందుకు జీతం కోయబోమని, అవసరమైతే 112కు ఫోన్ చెయ్యమని యజమాని అతనికీ, అతిథికీ ఇద్దరికీ చెప్పి ఉంచాలి. యజమాని ఫోన్ ఎత్తకపోతే మాట్లాడటానికి దగ్గర్లో ఉన్న ఇంకొకరి నంబరు ఇవ్వాలి. అద్దె రోజుల్లో అతనికి అదనంగా కొంత ఇవ్వడం న్యాయం. ఆ రెండు రోజులూ అతనికి నిద్ర ఉండదు.

వంతుల ఇళ్లవారు ఇంకొక పని చేసుకోవాలి. వాటాదారులంతా కూర్చుని ఒక పేజీ ఒప్పందం రాసుకోవడం. ఎవరి వంతులో ఎవరికి అద్దెకిచ్చినా ఆ ప్రశ్నలే అడగాలని, నోటుబుక్కులో పేరు లేనివారిని లోపలికి రానివ్వకూడదని, నష్టం జరిగితే వంతుదారే భరించాలని, డిపాజిట్ ఎంతో, ఎన్ని గంటల్లో తిరిగివ్వాలో అందులో ఉండాలి. ఇంటిని చూసి, గ్లాసులు లెక్కపెట్టి, అన్నీ సరిగా ఉంటే అతిథి ఎదురుగానే డిపాజిట్ తిరిగిచ్చెయ్యాలి. నిజాయితీగా ఉన్నవారి డబ్బు వారం పట్టి ఉంచే ఇంటికి మంచివారు రెండోసారి రారు.

ఈ ఒప్పందానికి అదను రద్దీకి ముందే. డిసెంబర్ 31 రాత్రి ఫామ్‌హౌస్‌ల కోసం నవంబర్ నుంచే ఫోన్లు మొదలవుతాయి. ఫాల్గుణంలో గుట్ట బ్రహ్మోత్సవాలు, చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర, ఆ వెంటే ఎండాకాలం సెలవులు. దసరా నాటికి ప్రశ్నల కాగితం, నోటుబుక్కు, వాటాదారుల సంతకాలు సిద్ధం చేసుకుని, ఒక ప్రతి కావలి గదిలో గోడకు అంటిస్తే, మొదటి ఫోన్ వచ్చేసరికి ఏం అడగాలో అతనికీ తెలిసి ఉంటుంది.